సర్వేరావు సంత జీపు

సర్వేశ్వరరావుకి అనుమానం పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. ఆయన అరకులో మండల సర్వేయరు. ఎవరైనా "మా హద్దు ఇదిగో ఈ రాయండీ" అని చూపిస్తే ముందు ఆ రాయిని అనుమానించాలి, తరవాత రాయి చూపించిన మనిషిని అనుమానించాలి, ఆ పైన తన చేతిలో టేపుని కూడా ఓసారి అనుమానించాలి. ఏళ్ళ తరబడి ఇదే పని చేసీ చేసీ, ఇంట్లో పెసరట్టు వేసి పెట్టినా అంచులు చూసి "ఇటేపు కొంచెం తగ్గినట్టుందేటే?" అనే స్థితికి వచ్చేశాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని సర్వేరావు అనే పిలుస్తారు. పేరు మధ్యలో ఉండాల్సిన ఈశ్వరుడు ఎప్పుడో ట్రాన్స్‌ఫరైపోయాడు.

ఇంత అనుమానప్పక్షీ ఒక్క విషయంలో మాత్రం పసిపిల్లాడు. బొమ్మ కార్లు.

బొమ్మ కార్లంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. స్కేల్ మోడల్స్ అనాలి. అసలు కారుని ఇరవై నాలుగో వంతుకి దించి, ముక్క ముక్కా అతికించి, ప్రైమర్ కొట్టి, నాలుగు వెంట్రుకల కుంచెతో తలుపు సందులు కూడా దిద్ది, అద్దాలూ వైపర్లూ తగిలించి... "పిల్లలు ఆడుకుంటే బొమ్మ. పిల్లలు ముట్టుకుంటే నేను ఏడిస్తే మోడల్" అని తేడా చెప్పేవాడు.

ఆయన భార్య రాజకుమారికి అసలు ఆ మాటే పడదు. కొత్తలో ఓసారి ఆయన ఫోన్లో "నిన్న మోడల్‌కి ఎర్రరంగు వేశాను, ఒళ్ళు నున్నగా తేలింది, ఇవాళ వెనకభాగం చూడాలి" అంటుంటే విని, పుట్టింటికి పోదామని సరాసరి వెళ్ళి బొబ్బిలి బస్సెక్కేసింది. సర్వేరావు కారుని అరచేతిలో పెట్టుకుని బస్టాండుకి పరిగెత్తి, కిటికీలోంచి చూపిస్తే గానీ దిగలేదు.

దిగి, కారు కేసి ఓసారి చూసి, "ఆడమనిసైనా బాగుణ్ణు" అంది.

ఆ తరవాత ఇడ్లీ గొడవ జరిగింది. రంగు బేగి ఆరాలని సర్వేరావు కారు బాడీని ఇడ్లీ పాత్రలో పెట్టి సన్నటి సెగ చూపించాడు. మర్నాడు ఇడ్లీలు మెరిసే నీలంలో దిగాయి. ఖర్మ కొద్దీ ఆ పూట రాజకుమారి అన్నయ్య కృష్ణమూర్తి వచ్చి ఉన్నాడు. ఆయన ఒకటి తిని, "సెట్నీ బాగుందమ్మా. ఇడ్లీయే, కాస్త పెట్రోలు బంకులో తిన్నట్టుంది" అన్నాడు. అన్నయ్యకి పరువు తక్కువైన ఆ రోజే రాజకుమారి శాసనం చేసింది.

"ఇంకో బొమ్మ కారు ఈ ఇంట్లో కనబడాల! దానిమీదెక్కే మీరు ఆఫీసుకెల్లాల!"

ఈ కథ మొదలయ్యేనాటికి సర్వేరావు ఆ శాసనాన్ని అక్షరాలా పాటిస్తున్నాడు. ఇంట్లో ఒక్క కారూ లేదు. ఇంటి వెనక షెడ్డులో ఉంది.

షెడ్డు వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చిన ముత్యాలమ్మది. ఆవిడకి కొండమీద కాఫీ తోట, మిరియాల తీగలు ఉన్నాయి. పంట బస్తాలు వెళ్ళిపోయాక షెడ్డు ఖాళీగా పడుంటుంది. సర్వేరావు ఆవిడని బతిమాలి తాళం తీసుకున్నాడు. పెళ్ళానికి మాత్రం రీసర్వే మేపులు గీస్తున్నానని చెప్పాడు.

"మేపులు ఇంట్లో గీయకూడదేటండీ?"

"కాన్ఫిడెన్షియల్ రాజీ. బయటివాళ్ళ కంట పడకూడదు."

"నేను బయటిదాన్నా?"

"నువ్వు కాదు, మీ అన్నయ్య. ఆయన వస్తూ పోతూ ఉంటాడు కదా."

ఇలా రోజూ ఆఫీసు నుంచి రాగానే ఓ మేపు చుట్ట చంకలో పెట్టుకుని షెడ్డులోకి పోయేవాడు. ఎన్నాళ్ళైనా అదే చుట్ట. అది మేపు కూడా కాదు, పాత కేలండరు.

ఇంత నాటకం దేనికంటే, కప్పు కోసం. ఏటా విశాఖపట్నంలో మోడల్ కార్ల ప్రదర్శన పెడతారు. కిందటేడు ఫస్టు ప్రైజు కప్పు అరకులోనే బేంకులో పనిచేసే శివప్రసాద్‌కి పోయింది. మిలమిలలాడే ఎర్ర స్పోర్ట్సు కారు చేశాడు. సర్వేరావుకి పాల్గొన్నందుకు ఓ పెన్నిచ్చారు. అది రాయదు కూడా. ఇంట్లో టీవీ అరమీదేమో కృష్ణమూర్తి కాలేజీ రోజుల్లో షటిల్ ఆడి గెలిచిన కప్పుంది. రాజకుమారి దాన్ని దేవుడి సామానుతో పాటు తోముతుంది. ఆ కప్పు పక్కన తన కప్పొకటి పెట్టాలని, ఓ శుక్రవారం అదీ చింతపండుతో తోమించుకోవాలని సర్వేరావు కోరిక. కప్పు చేత్తో పట్టుకుని నిజం చెబితే అది అబద్ధం అనిపించుకోదు, సర్‌ప్రైజ్ అనిపించుకుంటుందని ఆయన లెక్క.

అందుకే ఈసారి స్పోర్ట్సు కార్ల జోలికి పోకుండా సంత జీపు పట్టుకున్నాడు. లోపల కుక్కినంతమంది జనం, టాపు మీద బస్తాలు, బస్తాల మీద ఇంకొంతమంది జనంతో అనంతగిరి ఘాట్ ఎక్కే పాత జీపు లేదూ, అది. తుప్పుకి వంటింట్లో కాఫీపొడి. రోడ్డు దుమ్ముకి టీ వడకట్టులో జల్లించిన ఎర్రమట్టి. వెనక లైట్లకి రాజకుమారి గోళ్ళరంగు.

"ఏటండీ, కాఫీపొడి నిన్న డబ్బా నిండా ఉండేది. ఏటయిపోనాది?"

"ఆవిరైపోయుంటుంది."

"నా గోళ్ళరంగు కూడా ఆవిరైపోనాదా?"

"ఎండలు ముదిరాయి కదే."

రాజకుమారి ఇంకేమీ అనలేదు. అక్కడే సర్వేరావుకి అనుమానం వేసింది. రాజకుమారి ఊరుకుందంటే ఎక్కడో హద్దురాయి కదిలిందన్నమాటే.

మర్నాడు షెడ్డులో పెట్టె తీసి చూస్తే జీపు టైర్లకి బురద ఉంది.

బురద అంటిద్దామని ఆయన అనుకున్నమాట నిజమే. కానీ ఇంకా అంటించలేదు. పైగా ఈ బురద టైరు గాడుల్లో ఎండి, మడ్‌గార్డు మీద చిందిన చుక్కలతో సహా అచ్చం నిజం లాగుంది. ఆయన చేస్తే అంత బాగా రాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అందుకే ఇంకా భయపడ్డాడు.

రెండ్రోజులు పోయాక మరో చోద్యం. జీపు టాపు మీద ఆయన బస్తాలని జిగురుతో అంటించి వదిలేశాడు. ఇప్పుడు వాటిమీంచి సన్నటి నారతాడు అడ్డంగా, నిలువుగా పోయి వెనక కొక్కేనికి బిగించి ఉంది. బస్తాల మధ్య మిరియపు గింజంత పనసకాయ కూడా ఒకటి ఇరికింది.

ఎవడో వస్తున్నాడు. ఇంకెవడు? శివప్రసాదే!

ఆ బేంకు మనిషి మొన్ననే మిరియాలు కొనే వంకతో ముత్యాలమ్మ ఇంటికొచ్చాడు. పోతూ పోతూ "సర్వేరావుగారూ, షెడ్డులో ఏటి సేత్తన్నారు, సాయంత్రం పూట కనబడ్డం లేదు?" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. అన్ని పళ్ళు ఊరికే బయటికి రావు. మరి శత్రువైనవాడు పాడుచెయ్యకుండా బాగుచెయ్యడం దేనికి? సర్వేరావు ఓ పూటంతా తల పట్టుకుని అదీ తేల్చాడు. రెండు చేతులు పడినట్టు జడ్జీలకి తెలిస్తే పోటీలోంచి తీసేస్తారు! ఏం ఎత్తు వేశాడురా అని మెచ్చుకోబోయి మానేశాడు.

ఇంట్లో కూడా అన్నీ అనుమానంగానే ఉన్నాయి. చపాతీలు మానేసి ఉప్మాలు చేస్తోంది రాజకుమారి.

"చపాతీ ఏదే?"

"పీట ఇరిగిపోనాది."

"కర్రపీట ఎలా విరుగుతుంది?"

"కాఫీపొడి ఆవిరైపోగా లేంది, పీట ఇరగకూడదా?"

సర్వేరావు కంచం దగ్గరికి లాక్కుని ఉప్మా తిన్నాడు.

ఆ సాయంత్రమే సర్వేరావు వల పన్నాడు. షెడ్డు తలుపు గడియకి ఆకుపచ్చ ఎనామిల్ రంగు దట్టంగా పూశాడు. అది తొందరగా ఆరదు, చేతికంటితే రెండ్రోజుల దాకా వదలదు. ఎవడి చెయ్యి పచ్చగా ఉంటే వాడే దొంగ. ఇంత తెలివి ఉండీ తను సర్వేయరుగానే ఉండిపోయినందుకు కాస్త బాధపడి పడుకున్నాడు.

తెల్లారి లేచి చూస్తే గడియ మీద రంగు చెదిరింది. దొంగ వచ్చాడు! గడియ లాగి లోపలికెళ్ళి జీపు క్షేమం చూసుకుని, వంటింట్లోకి వస్తే రాజకుమారి లేదు. కాఫీ గ్లాసు మీద మూత పెట్టి వెళ్ళింది. పొయ్యి పక్కన పట్టకారు కొసలకి ఏదో ఆకుపచ్చగా అంటుకుని ఉంది. గోంగూర కాబోలనుకుని కాఫీ తాగేసి, పచ్చచేతి దొంగని పట్టుకోడానికి స్కూటరెక్కాడు.

మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా వెదురుకర్ర.

ఆ రోజు ఇటుకల పండగని ఆయన మరిచేపోయాడు. మన్యంలో ఆ పండగకి మగాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకి కర్ర అడ్డం పెట్టి, పాటలు పాడి, వచ్చే పోయే బళ్ళన్నీ ఆపుతారు. ఏదో ఒకటి చేతిలో పెడితేనే కర్ర లేస్తుంది. లేకపోతే రంగునీళ్ళు పడతాయి. కర్ర ఒక కొస ముత్యాలమ్మ పట్టుకుంది. రెండో కొస పట్టుకున్నది రాజకుమారి. చుట్టూ ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఒక బకెట్లో పసుపునీళ్ళు, ఒక బకెట్లో ఆకుపచ్చనీళ్ళు. మోచేతుల దాకా అందరి చేతులూ రంగులే.

సర్వేరావు ఆ చేతులన్నీ ఓసారి లెక్కపెట్టాడు. ఇంతమంది దొంగలా!

స్కూటరు దిగి, దగ్గర్లో ఉన్నావిడ చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. తరవాత ఇంకో ఆవిడది. ఎనామిల్ ఏదో, నీళ్ళరంగు ఏదో తేల్చాలని గోళ్ళ సందుల్లోకి కళ్ళు చికిలించి మరీ చూశాడు. అంతే, వెనక కబురు పాకిపోయింది.

"సర్వేరు బావు సెయ్యి సూసి జాతకం సెప్తన్నాడంట!"

వరస కట్టేశారు. "నా కొడుక్కి పెళ్ళెప్పుడవుద్ది బావూ?" అని ఒకావిడ చెయ్యి చాపింది. "మా ఆవు ఈనుతుందా?" అని ఇంకొకావిడ. సర్వేరావు "ఈనుతుంది, ఈనుతుంది" అంటూనే గోళ్ళు చూస్తున్నాడు. చివరికి రాజకుమారి దగ్గరికొచ్చాడు.

"నీ చెయ్యి పచ్చగా ఉందేం?"

"ఏ పచ్చ?"

"ఏ పచ్చేటి? పచ్చే!"

"పసుపులో ముంచితే పచ్చగా ఉండదా, నల్లగా ఉంటాదా? పసుపుపచ్చా ఆకుపచ్చా, ఏ పచ్చో సరిగా సెప్పండి. సర్వే ఆఫీసరయ్యుండి హద్దులేకుండా మాటాడితే ఎలాగ?"

అందరూ గొల్లున నవ్వారు. సర్వేరావు అవమానం దిగమింగుకుని చేత్తో మొహం తుడుచుకున్నాడు. ముత్యాలమ్మ ఆ మొహం కేసి చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"బావూ, నీ సెంపే పచ్చగుంది కదా. నీ సెయ్యి కూడాను."

పొద్దున్న గడియ తీసింది తన చేత్తోనే అని సర్వేరావుకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఊరంతటిలో ఎనామిల్ అంటిన చెయ్యి ఆయనదొక్కటే. జేబులో చిల్లరంతా పెడితే కర్ర లేచింది. స్కూటరు ఎలా స్టార్టు చేశాడో, ఆఫీసుకి ఎలా చేరాడో ఆయనకే తెలియదు. రెండ్రోజుల దాకా చెంప పచ్చగానే ఉంది. ఆఫీసులో అడిగితే కామెర్లన్నాడు. కామెర్లకి ఆకుపచ్చ రాదని వాళ్ళూ అనుమానించారు.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. ముందురోజు సాయంత్రం జీపుని కళ్ళారా చూసుకుని, పెట్టెలో పెట్టి, పాడేరులో మీటింగని ఇంట్లో చెప్పాడు.

"అలాగేనండి. నేనూ తెల్లారగట్ల ముత్యాలమ్మని తోడు తీసుకుని బొబ్బిలి ఎల్తాను. అన్నయ్యకి ఒంట్లో బాగోలేదట" అంది రాజకుమారి.

బావమరిది ఒంట్లో బాగోలేదంటే సంతోషించకూడదని తెలిసీ సర్వేరావు లోపల్లోపల సంతోషించాడు. తెల్లారి ఇల్లు ఖాళీ. ఈలవేసుకుంటూ షెడ్డుకెళ్ళి పెట్టె తీశాడు.

పెట్టె కూడా ఖాళీ.

ఎన్ని సాయంత్రాలు! ఒక్కో తలుపు సందూ ఊపిరి బిగబట్టి దిద్దాడు. సర్వేరావు నేలమీద కూలబడ్డాడు, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. తరవాత శివప్రసాద్ పళ్ళు గుర్తొచ్చాయి. లేచి, దొరికిన బస్సెక్కి, దారంతా ఆ పళ్ళలో ఏవేవి రాలగొట్టాలో ఎంచుకుంటూ విశాఖపట్నంలో దిగాడు.

హాల్లో అడుగుపెడుతూనే శివప్రసాద్ ఎదురయ్యాడు. సర్వేరావు చొక్కా చెయ్యి మడిచాడు.

"నా జీపేదిరా?"

"మీ జీపేటి సార్? అక్కగారి జీపు అదిగో. దాని ముందు మన కార్లేటి నిలబడతాయి! నాకు సెకండొచ్చింది, అదే చాలు."

అక్కగారి జీపా? జనాన్ని తోసుకుని వెళ్ళి చూశాడు సర్వేరావు.

బల్లమీద విరిగిందన్న చపాతీ పీట. దానిమీద ఎర్రమట్టి రోడ్డు. రోడ్డు మీద ఆయన సంత జీపు. జీపు ముందు చీపురుపుల్ల అడ్డం, దానికి అటూ ఇటూ అగ్గిపుల్లలకి చీరంచులు చుట్టిన ఆడవాళ్ళు, చేతుల నిండా రంగు. పక్కన గోరంత స్కూటరు. స్కూటరు పక్కన ఓ మగబొమ్మ నడుం వంచి ఒకావిడ చెయ్యి పట్టుకుని కళ్ళు చికిలించి చూస్తోంది. దాని చెంప ఆకుపచ్చ. పీట ముందు అట్టముక్క మీద "సంత జీపు: రాజకుమారి, అరకు" అని ఉంది. పక్కనే ఫస్టు ప్రైజు కప్పు. కప్పు వెనక రాజకుమారి, ముత్యాలమ్మ.

"ఏటండీ, పాడేరు ఇక్కడికొచ్చీసిందేటి?" అంది రాజకుమారి. "మొన్నటిదాకా కొండమీదుండేది. సముద్రం దాకా జరిగిపోతే మరి మీ సర్వే వాళ్ళకి తెలీలేదా?"

"బొబ్బిలి మాత్రం?" అన్నాడు సర్వేరావు.

"పాడేరు రాగా లేంది, బొబ్బిలి రాకూడదా?"

ఇంతలో జడ్జిగారు వచ్చి, "చాలా బాగా చేశారమ్మా. ఎవరైనా సాయం చేశారా?" అని అడిగారు.

"మా ముత్యాలమ్మ బొమ్మలకి సీరలు కట్టిందండి. జీపుకి రంగేసినోళ్ళెవరో తెలీదు. షెడ్డులో వదిలీసి పోనారు. మా ఆయనైతే కాదండి, ఆయన సాయంత్రమైతే మేపులు గీసుకుంటారు. తెలిస్తే వాళ్ళ పేరు కూడా రాయిద్దును" అని భర్త కేసి చూసింది.

సర్వేరావు జీపుని చూశాడు, కప్పుని చూశాడు, తన బొమ్మ చెంపని చూశాడు. నాది అంటే ఇన్నాళ్ళ అబద్ధం బయటపడుతుంది. కాదంటే జీపు పోతుంది. శివప్రసాద్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నేనే" అన్నాడు.

"ఏటి మీరే?"

"రంగు వేసింది నేనే."

"మరి మేపులు?"

"కేలండరు."

"కాఫీపొడి?"

"తుప్పుకి."

"గోళ్ళరంగు?"

"వెనక లైట్లకి."

"టీ వడకట్టు?"

సర్వేరావు తల దించుకుని "మట్టికి" అన్నాడు. తను నెలరోజులుగా ఏ వడకట్టు టీ తాగుతున్నాడో అప్పుడు తట్టింది. హాలంతా నవ్వింది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మొదటిరోజే తెలుసు" అంది రాజకుమారి, గొంతు తగ్గించి. "రంగులు కలిపే థిన్నరు కంపుతో వొచ్చి మేపులంటే నమ్మీడానికి నేనేటి మీ ఆఫీసరునా? ఓ రోజు ముత్యాలమ్మకాడ రెండో తాళం తీసుకుని, రోకలి పట్టుకునే ఎల్లాను, పొడి సేసీద్దామని. తీరా సూస్తే టైర్లకి బురద లేదు! బురద పెడితే, బస్తాలకి తాడు లేదు! అనంతగిరి తొలి మలుపులోనే అన్నీ రాలిపోవా? సూసి ఊరుకోలేకపోయాను."

"గడియకి రంగు పూశాను కదా. నీ చేతికి అంటలేదే?"

"పట్టకారుంది కదండీ."

గోంగూర! అనుకున్నాడు సర్వేరావు.

రాజకుమారి అట్టముక్క రాసే కుర్రాణ్ణి పిలిచి, "నా పేరు కింద రంగులు: సర్వేశ్వరరావు అని కూడా రాయి బాబూ" అంది. సర్వేరావుకి ప్రాణం లేచొచ్చింది. చాలా రోజులకి ఈశ్వరుడితో సహా పూర్తి పేరు పడుతోంది.

"ఎంత సైజులో రాయమంటారమ్మా?"

"ఆయన లెక్క ఉంది కదా. ఇరవై నాలుగో వంతు."

కప్పు ఇప్పుడు టీవీ అరమీద కృష్ణమూర్తి కప్పు పక్కనే ఉంది. శుక్రవారం శుక్రవారం చింతపండుతో మెరుస్తోంది. తోమేది సర్వేరావు. షెడ్డు గుమ్మానికి ఓ చీపురుకట్ట అడ్డంగా ఉంటుంది. సాయంత్రం ఆయన గిన్నెలు కడిగితేనే అది లేస్తుంది. వచ్చే ఏటికి ఘాట్ రోడ్డు బస్సు చేస్తున్నారు. బాడీ రంగు ఆవిడ చూసుకుంటుంది, టైర్లు ఆయనకి వదిలింది.

మొన్న ఆదివారం పొద్దున్న సర్వేరావు ఇడ్లీ తుంచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇడ్లీ పాత్ర కేసి చూశాడు.

"రాజీ, ఇడ్లీ కాస్త పచ్చగా ఉందేటే?"

రాజకుమారి షెడ్డులోంచే అడిగింది.

"ఏ పచ్చ?"

సర్వేరావు చట్నీ ఎక్కువ వేసుకుని తినేశాడు.